భాగహారం ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఆగదు

పదో క్లాస్ లెక్కల్లో అంతమయ్యే దశాంశాలు, అంతంకాని ఆవర్తన దశాంశాలు అని ఉంటాయి కదా, మా అమ్మాయి ఆ రూల్‌ని బట్టీ పట్టేస్తోంది, దశాంశం ఆగాలంటే కింద హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన సంఖ్య ఉండకూడదు అని. అసలు ఎందుకు ఉండకూడదే అంటే ఏమో నాన్నా, బుక్‌లో ఉంది అంది.

సరే అని 1ని 7తో భాగించమన్నా. శేషాలు పక్కన రాస్తూ పొమ్మన్నా. 3, 2, 6, 4, 5, మళ్ళీ 1 వచ్చింది. 7తో భాగిస్తే సున్నా కాని శేషాలు ఆరే ఉంటాయి, ఎంత పోయినా ఏడో కొత్తది ఎక్కణ్ణుంచి వస్తుంది, అందుకే పాత శేషం రాగానే అంకెలు కూడా మొదటినుంచి తిరుగుతాయి, 0.142857142857... అలా. 22/7 కూడా ఇంతే, 3 తర్వాత అవే ఆరు అంకెలు, పై (π) మాత్రం అలా తిరగదు, రెండూ ఒకటే అనుకునేవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు.

మరి 3/8 ఎందుకు ఆగింది? 8 అంటే మూడు 2లు, పైనా కిందా 125తో గుణిస్తే 375/1000, అంటే 0.375. పదిలో ఉన్నవే 2, 5 కాబట్టి వాటితో అయితేనే కింద 10, 100, 1000 చేయగలం. 7ని దేంతో గుణించినా వెయ్యి అవ్వదు.

ఒక్కటి చూసుకోవాలి, 6/15 ఇస్తే 15లో 3 ఉంది కాబట్టి ఆగదు అని రాసేస్తారు పిల్లలు, ముందు కొట్టేస్తే అది 2/5, శుభ్రంగా 0.4.