హ్రెచ్కాని అన్నంలా వండితే ఏమైందంటే

2019 నవంబరు. ఉక్రెయిన్‌లోని విన్నిత్సాలో మెడిసిన్ రెండో ఏడాది. అక్కడ చవగ్గా దొరికే బియ్యం గుండ్రంగా, వండితే జిగురుగా ఉంటాయి, బాస్మతేమో మా బడ్జెట్‌కి అందదు. దాంతో అదే అరలో పక్కనున్న హ్రెచ్కా ప్యాకెట్ తెచ్చాను. రష్యన్ మాట్లాడేవాళ్లు గ్రెచ్కా అంటారు. బక్‌వీట్ అంటే ఇదే, ఉత్తరాదిలో నవరాత్రి ఉపవాసాలకి పిండి చేసుకునే కుట్టు. పేరులో వీట్ ఉన్నా గోధుమలతో చుట్టరికం లేదు, మన చుక్కకూర కుటుంబం దీనిది. గింజ మూడు పలకలుగా ఉంటుంది, షాపుల్లో ఎక్కువగా వేయించిన గోధుమరంగుదే అమ్ముతారు.

మొదటిసారి కుక్కర్‌లో ఒకటికి మూడు గ్లాసుల ఎసరు పోసి నాలుగు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే సంకటీ కాదు, జావా కాదు, ఏదో ముద్ద. రెండోసారి ఆవాలు, ఇంగువ, కరివేపాకుతో ఉప్మా చేశాను. తినగలిగాం కానీ హ్రెచ్కాకి కాస్త మాడినట్టుండే ఒక కమ్మటి వాసన ఉంటుంది చూడండి, దాన్ని ఇంగువ మింగేసింది.

అద్దె కోసం వచ్చిన ఇంటి బామ్మగారు ఆ గిన్నెలోకి తొంగిచూసి "ఓయ్, సీన్కు" అని తల పట్టుకున్నారు. సీన్కు అంటే నాయనా అని. శనివారం ఆవిడే మందపాటి ఇనప గిన్నె, సాలో ముక్క, దారానికి గుచ్చి ఎండబెట్టిన అడవి పుట్టగొడుగులు పట్టుకొచ్చారు. సాలో అంటే ఉప్పు పట్టించిన పంది కొవ్వు. ఈ సంగతి మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

ముందు ఒక గ్లాసు హ్రెచ్కా బల్ల మీద పోసి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు నల్ల పొట్టు గింజలు ఏరించారు. కడిగి, ఆరాక, నూనె లేకుండా బాణలిలో వాసన వచ్చేదాకా వేయించాం. పుట్టగొడుగులు అప్పటికే వేడినీళ్లలో గంట నానాయి. ఆ నీళ్లు పారబోయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు, అదే ఎసరట! అడుగున ఇసుక ఉంటుంది కాబట్టి గుడ్డలో వడకట్టి, తక్కువైనంత మామూలు నీళ్లు కలిపి రెండు గ్లాసులు చేశాం.

నూటయాభై గ్రాముల సాలోని చిన్న ముక్కలు కోసి సన్న సెగ మీద పెడితే కొవ్వు కరిగి ముక్కలు కరకరలాడతాయి. ఇవే ష్క్వార్కి, తీసి పక్కన పెట్టాలి, తింటూ కూర్చుంటే చివరికి మిగలవు. ఆ కొవ్వులోనే రెండు ఉల్లిపాయలు, తురిమిన క్యారెట్, పుట్టగొడుగులు దోరగా వేగాక హ్రెచ్కా, ఉప్పు, ఒక బిర్యానీ ఆకు వేసి, మరిగే ఎసరు పోసి మూత పెట్టాం. ఇక గరిటె పెట్టకూడదు, మూత ఎత్తకూడదు. నాకు ఆగుతుందా? పదో నిమిషంలో మూత మీద చెయ్యేశాను, చేతి మీద ఒక్కటి పడింది.

ఇరవై నిమిషాలకి పొయ్యి ఆపేసి, గిన్నెని పాత పేపర్లలో, తువ్వాల్లో చుట్టి నా మంచం మీద దిండు కింద పెట్టేశారు. చలికాలంలో మా నాయనమ్మ తోడుపెట్టిన పెరుగు గిన్నెకి దుప్పటి కప్పేది, అచ్చం అలాగే. నలభై నిమిషాలు ఉమ్మగిల్లాక తీస్తే గింజకి గింజ పొడిపొడిగా, పొగలు కక్కుతూ ఉంది. పైన ఒక పెద్ద వెన్నముద్ద వేస్తూ ఆవిడ ఒక సామెత చెప్పారు: హ్రెచ్కా కాషా (అంటే ఇలా ఉడికించిన గింజల వంటకం) తాను ఆవు వెన్నతోనే పుట్టానని గొప్పలు చెప్పుకుందట. ఉప్పునీటిలో ఊరిన దోసకాయతో తిన్నాం. నేను ఆవకాయతో కూడా తిన్నాను, అదిరింది. బామ్మగారు ఆవకాయని వేలి కొసతో రుచి చూసి రెండు గ్లాసుల నీళ్లు తాగారు.

వెజిటేరియన్ అయిన మా రూమ్మేట్ కోసం తర్వాత సాలో బదులు వెన్నతో చేశాను. బానే ఉంటుంది కానీ ఆ ష్క్వార్కి లేనిదే నాకు సగం ఆకలే తీరుతుంది.

2020 మార్చిలో కరోనా భయంతో జనం షాపుల్లో హ్రెచ్కా మీద పడ్డారు, అరలు ఖాళీ. మేం గుండ్రటి బియ్యంతో కుస్తీ పడుతుంటే ఒకరోజు తలుపు చప్పుడైంది. గుమ్మంలో రెండు ప్యాకెట్లు. అప్పటికే సగం మెట్లు దిగిపోయిన బామ్మగారు మాస్కు వెనక నుంచే అరిచారు, "మూత తియ్యకు!"