జూన్ నెలలో తొందర

"ఎవరికి తొందర?" అంటూ పెద్దాయన నా చేతిలోంచి సుత్తి తీసేసుకున్నారు. అరవలేదు, మొహం చిట్లించలేదు. అయినా ఆ మాట గుచ్చుకుంది. ట్రాక్టర్ ఉన్న ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి, పట్టేసిన ఇనుమును ఎలా కదిలించాలో నాకొకరు చెప్పాలా అనిపించింది.

నేను పనిచేసేది న్యూజిలాండ్‌లో, వైకాటో ప్రాంతంలోని ఒక డెయిరీ ఫారంలో. పెద్దాయన మా ఓనర్ వాళ్ల నాన్న, ఎనభై దాటాయి. ఇక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం ఇంకా నోరు రాదు. రోజువారీ పనులకు కొత్త ట్రాక్టర్లున్నాయి. షెడ్డు మూలనున్న మాసీ ఫెర్గూసన్ 135 ఒక్కటీ ఆయనది. 1964 నుంచి 1975 దాకా తయారైన మోడల్. ఈ దేశంలో ఫెర్గూసన్ బండి అంటే మమకారం ఉంది. వీళ్ల ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధృవానికి చేరింది ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే.

ఆవులు మేత నుంచి మిల్కింగ్ షెడ్డుకు నడిచే మట్టిదారిని చదును చేసే బ్లేడు ఈ పాత బండికే తగిలిస్తాం. దారి మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా ఉండాలి. వాన నీళ్లు నిలిచిపోతే పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, గిట్టలు దెబ్బతిని ఆవులు కుంటుతాయి. ఆ వాలు రావాలంటే బ్లేడు ఒక పక్కకు వంగాలి. అందుకు వెనక కుడివైపు లిఫ్ట్ రాడ్, అంటే బ్లేడును పైకెత్తే కడ్డీ, పొడవు మార్చాలి. దాని పైన చిన్న గేర్ల పెట్టె, ఒక హ్యాండిల్ ఉంటాయి. హ్యాండిల్ తిప్పితే లోపలి మర తిరిగి రాడ్ పొడుగో పొట్టో అవుతుంది. దున్నేటప్పుడు కుడి చక్రం చాల్లో దిగి బండి ఒరుగుతుంది కదా, అప్పుడు నాగలిని సమం చేసుకోవడానికి చేసిన ఏర్పాటు అది. మద్రాసులో 1960లో మొదలైన టాఫె అనే ట్రాక్టర్ల కంపెనీ మాసీ ఫెర్గూసన్లే తయారు చేసింది కాబట్టి మా ఇంటి ట్రాక్టర్‌కీ అదే రాడ్, అదే హ్యాండిల్. నాకు కొత్త కాదు.

పోయిన జూన్‌లో అది పట్టేసింది. గ్రీజు ఎక్కించే చిన్న మూతి, అంటే నిపుల్, మట్టితో మూసుకుపోయి, లోపల థ్రెడ్డు తుప్పుతో కరుచుకుపోయింది. బలవంతంగా తిప్పితే హ్యాండిల్ విరుగుతుంది, లేదా గేరు పళ్లు పోతాయి. నేను కొట్టబోయింది హ్యాండిల్‌ని కాదు, మర చుట్టూ ఉన్న గొట్టాన్ని. ఆ తేడా నాకు తెలుసు. మా ఊరి మెకానిక్ షెడ్డులో అలాగే కొడతారు, అలాగే వదులుతుంది కూడా.

ఆయన దారి వేరు. బ్లేడు విప్పి, లింకులు కిందికి దించి, పిన్నులు తీసి రాడ్‌ని బెంచీ మీద వైస్‌లో బిగించారు. ముందు నిపుల్ ఊడదీశారు. మూసి ఉన్న గొట్టాన్ని కాలిస్తే లోపలి గ్రీజు పొంగి పగిలిపోయే ప్రమాదం ఉంది మరి. తుప్పు వదిలించే నూనె పోసి ఆ రాత్రికి వదిలేశారు. మర్నాడు నూనెంతా తుడిచి, గ్యాస్ మంటతో బయటి గొట్టాన్ని మాత్రమే వేడి చేశారు. గొట్టం సాగి మరకు కాస్త సందు ఇస్తుంది, చల్లారుతూ నూనెను లోపలికి లాక్కుంటుంది. చుట్టూ చిన్న సుత్తితో తట్టి, అటు కాస్తా ఇటు కాస్తా తిప్పారు. ఒకే వైపు తిప్పితే తుప్పు పొడి థ్రెడ్డులో చేరి మళ్లీ పట్టేస్తుంది, వెనక్కి తిప్పితే రాలిపోతుంది. కాసేపు పని, తర్వాత టీ. మళ్లీ నూనె, మళ్లీ మంట.

ఈలోగా ఆయన కొడుకు కొత్త గేర్ల పెట్టె కొనుక్కొచ్చాడు. అట్టపెట్టె మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంది. గర్వంగా అనిపించింది, అదే నిమిషంలో కోపమూ వచ్చింది. మన వాళ్లు చేసిన వస్తువు ఎదురుగా ఉంటే ఈ తుప్పుతో ఇంత తంటాలెందుకు? పెద్దాయన కొత్తదాన్ని తిప్పి చూసి, బాగుందని అరమీద పెట్టి, మళ్లీ పాతదాని దగ్గరికే వెళ్లారు.

ఆ ఓపిక నాకు నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడానికే కొన్నాళ్లు పట్టింది. కానీ ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. జూన్ అంటే ఇక్కడ చలికాలం. మా ఫారంలో ఆవులు వట్టిపోయి ఉంటాయి, ఈతలు మొదలవడానికి ఇంకా టైముంది, పైగా షెడ్డులో ఇంకో రెండు బండ్లున్నాయి. అదే జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలవలకు నీళ్లు వదిలారంటే మా వైపు దమ్ము, అంటే నాట్లకు ముందు పొలాన్ని బురదగా దున్నడం, మొదలవుతుంది. ట్రాక్టర్ ఉన్న ఒక్కడి కోసం పదిమంది గట్టు మీద నిలబడి ఉంటారు. బండికి కిస్తీ కట్టాలి, కిరాయి గంటల లెక్కన వస్తుంది. నారు ముదిరిపోతోందని ఒకాయన, వంతు నీళ్లు పోతాయని ఇంకొకాయన. అలాంటప్పుడు రాత్రంతా నూనెలో నానబెట్టమని ఎవరికి చెప్పగలం? మన తొందరను మొరటుతనం అనుకుంటే నాకు నొప్పి. ఆ సుత్తి వెనక ఊరంతా నిలబడి ఉంటుంది.

ఈ మాట ఆయనతోనూ అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. శ్రద్ధగా విన్నారు. "అయితే మీవాళ్లు గ్రీజు మే నెలలో పెట్టుకోవాలి" అన్నారు. దానికి మాత్రం జవాబు దొరకలేదు. మేలో మా ఇంటి ట్రాక్టర్ ఖాళీగానే ఉంటుంది, చింతచెట్టు కింద.

రాడ్ వదిలింది. వైరు బ్రష్‌తో థ్రెడ్డు శుభ్రం చేసి, కొత్త నిపుల్ వేసి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది పంపు చేశాం. దారికి వాలు తీసే పని పెద్దాయన నాకే ఇచ్చారు.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి మన బండి హ్యాండిల్ తిరుగుతోందా అని అడిగాను. "అది తిప్పి ఎన్నాళ్లయిందో అన్నయ్యా, దమ్ము అయ్యాక చూస్తాలే" అన్నాడు. తొందరపెట్టలేదు. ఇప్పటికి డీజిల్ పోసి వదిలెయ్యమన్నాను. తర్వాత షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం మంట పెట్టేముందు నిపుల్ తీయించమని, దగ్గరుండి చూసుకోమని మరీ మరీ చెప్పాను.