ఫ్యూజన్ బాగుంది సరే, వెక్టర్లు చూశారా?

తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ చికిత్సలో మామూలుగా 70 గ్రే (రేడియేషన్ కొలమానం) డోస్‌ను 35 ఫ్రాక్షన్లుగా, అంటే విడతలుగా, ఏడు వారాల పాటు ఇస్తారు. చికిత్సకు ముందు ప్లాన్ కోసం సీటీ తీసిన నాటి ఒళ్లు ఐదో వారానికి ఉండదు. బరువు తగ్గుతుంది, తల కదలకుండా బిగించే మాస్క్ వదులవుతుంది, గడ్డ కరుగుతుంది. పెరోటిడ్ గ్రంథులు (చెవి దగ్గరి లాలాజల గ్రంథులు) చిక్కిపోయి లోపలికి, అంటే డోస్ ఎక్కువ పడే వైపుకే జరుగుతాయి. ప్లాన్ మార్చాలా వద్దా తేలాలంటే పాత సీటీని ఈరోజు చికిత్స టేబుల్ మీదే తీసిన కోన్ బీమ్ సీటీతో కలపాలి. దీన్నే రిజిస్ట్రేషన్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో అదంతా ఒక్క బటన్. అది నొక్కగానే వచ్చే అందమైన ఫ్యూజన్ బొమ్మను (రెండు స్కాన్లూ ఒకదాని మీద ఒకటి పేర్చినది) నమ్మేయడంతోనే చిక్కు మొదలవుతుంది.

ముందు రిజిడ్, అంటే బొమ్మను వంచకుండా జరిపి, తిప్పి మాత్రమే కలపడం. ఎక్కడ పోల్చాలో చూపే బాక్స్‌ను మొత్తం శరీరం మీద వేయకండి. కౌచ్ (రోగి పడుకునే బల్ల), మాస్క్, దవడ, భుజాలు వదిలేసి టార్గెట్ (డోస్ పడాల్సిన చోటు) పక్కనున్న వెన్నుపూసల వరకే పెట్టండి. మెడ వంపు రోజుకోలా ఉంటుంది కాబట్టి మెడలో రెండో పూస సీ2 సరిగ్గా కూర్చున్నప్పుడు ఆరో పూస సీ6 కొన్ని మిల్లీమీటర్లు తప్పుతుంది. రెండూ ఒకేసారి కుదరవు, ఏది ముఖ్యమో ముందే తేల్చుకోవాలి.

రెండు స్కాన్లు ఎంత కలిశాయో చెప్పే పోలిక కొలత కూడా స్కాన్‌ని బట్టి మారాలి. ఒకే మెషీన్‌లో తీసిన రెండు సీటీలకు పిక్సెల్ విలువల తేడా చూస్తే చాలు. కోన్ బీమ్‌లో స్కాటర్ (చెదిరిన ఎక్స్‌రేలు) వల్ల హౌన్స్‌ఫీల్డ్ విలువలు (కణజాల సాంద్రతను చూపే అంకెలు) నిలకడగా ఉండవు, ఆ లెక్క అక్కడ బోల్తా కొడుతుంది. అక్కడ విలువలు సమానం కాకున్నా వాటి మధ్య సంబంధాన్ని చూసే కోరిలేషనో, మ్యూచువల్ ఇన్ఫర్మేషనో వాడాలి. ఎంఆర్ఐ–సీటీకైతే మ్యూచువల్ ఇన్ఫర్మేషనే. దానికి ముందు ఎంఆర్ఐలో జ్యామితి వక్రతల సవరణ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

అసలు గొడవ బొమ్మను చోటుకోలా వంచి కలిపే డిఫార్మబుల్ దగ్గర. స్మూత్‌నెస్ (పక్కపక్క బిందువులు కలిసే కదలాలన్న నిబంధన) తగ్గిస్తే బొమ్మలు అచ్చు గుద్దినట్టు కలుస్తాయి గానీ లోపల వెక్టర్లు (ఒక్కో బిందువు ఎటు, ఎంత జరిగిందో చూపే బాణాలు) చిందరవందరవుతాయి. పెంచితే కండరాల కదలికను కూడా అందుకోలేవు. అందుకే ఎక్కడ ఘనపరిమాణం ఎంత మారిందో చూపే జాకోబియన్ మ్యాప్ తెరవాలి. విలువ 1 అయితే ఘనపరిమాణం మారలేదని, 0.8 అయితే 20 శాతం కుంచించుకుందని లెక్క. సున్నా కంటే తక్కువైతే కణజాలం బట్టలా తన మీదే మడతపడిందని, అంటే అసాధ్యమని అర్థం. అలాగే వెన్నుపూస మీద డిఫార్మేషన్ గ్రిడ్ (వంపును చూపే గీతల వల) వేసి చూడండి. ఎముక వంగినట్టు కనిపిస్తే ఆ రిజిస్ట్రేషన్ పక్కన పడేయాల్సిందే.

పురీషనాళంలో గ్యాస్ ఒక స్కాన్‌లో ఉండి రెండో దానిలో లేకపోతే, అల్గారిథమ్ లేని జోడీని వెతుకుతూ పక్క కణజాలాన్ని లాగేస్తుంది. స్కాన్ కాపీలో గ్యాస్ భాగాన్ని చుట్టుపక్కల కణజాలపు విలువతో నింపి నడిపితే చాలావరకు తగ్గుతుంది. ఊపిరితిత్తిదైతే ఇంకో రకం. అది పక్కటెముకల మీదుగా జారుతుంది, స్మూత్‌నెస్ నిబంధన ఆ జారుడును ఒప్పుకోదు. లోపలి భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లో విడదీసి (మాస్క్ చేసి) నడపాలి. కాలేయం, మూత్రాశయం లోపల పోల్చుకోవడానికి గుర్తులు పెద్దగా ఉండవు. అంచు కుదురుతుంది, లోపలి వెక్టర్లు మాత్రం అంచనాలే.

2017లో వచ్చిన ఏఏపీఎం (అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం) టీజీ-132 నివేదిక కొన్ని హద్దులు చెప్పింది: గుర్తుల దగ్గర తప్పు ఒక వోక్సెల్ (స్కాన్‌లోని అతి చిన్న గడి) లోపు, అంటే సుమారు 2–3 మిల్లీమీటర్లు; డైస్ (రెండు ఆకారాలు ఎంతమేర కలిశాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.8–0.9; జాకోబియన్‌లో నెగటివ్ విలువలు ఉండకూడదు. డైస్‌ను మాత్రం కాస్త అనుమానంగా చూడాలి. పెద్ద మూత్రాశయానికి 0.9 ఇట్టే వచ్చేస్తుంది, చూపు నరాలు కలిసే చిన్న ఆప్టిక్ కయాజమ్‌కి ఒక్క వోక్సెల్ తప్పినా దారుణంగా పడిపోతుంది.

ఏ పనికోసం కలుపుతున్నామన్నది ఇక్కడే తేడా తెస్తుంది. పాత స్కాన్‌లోని కాంటూర్లు (అవయవాల చుట్టూ గీసిన గీతలు) కొత్తదానిలోకి తేవడానికైతే తప్పును కంటితో చూసి దిద్దుకోవచ్చు. వేర్వేరు రోజుల డోస్ కూడటానికైతే అలా దిద్దడానికి కనిపించేదేమీ ఉండదు. వెన్నుపాము పక్కన డోస్ మిల్లీమీటరుకు 5 శాతం చొప్పున పడిపోతున్న చోట 3 మిల్లీమీటర్ల తప్పంటే 15 శాతం తేడా. కరిగిపోయిన గడ్డకైతే కొత్త స్కాన్‌లో జోడీ కణజాలమే లేదు, అక్కడ కూడిన మొత్తానికి భౌతిక అర్థం ఉండదు. ఒక్కో స్కాన్ మీద డీవీహెచ్ (ఎంత భాగానికి ఎంత డోస్ పడిందో చూపే గ్రాఫ్) విడిగా చూడటం మేలు. గడ్డ చిన్నదైందని సీటీవీని (గడ్డతో పాటు కనిపించని క్యాన్సర్ ఉండగల చోటునూ కలిపిన హద్దును) సాఫ్ట్‌వేర్ తనంతట తాను కుదించేస్తే ఒప్పుకోకండి. కంటికి కనిపించని క్యాన్సర్ కణాలు అక్కడే ఉండవచ్చు, ఆ నిర్ణయం డాక్టరుది.

రోగి టేబుల్ మీదే ఉండగా ప్లాన్ మార్చే ఆన్‌లైన్ అడాప్టివ్‌లో ఇవన్నీ చూసే తీరిక దొరకదు, ఈలోపు మూత్రాశయమూ నిండుతుంటుంది. అక్కడ టార్గెట్ చుట్టూ 2 సెంటీమీటర్ల వలయంలోని కాంటూర్లనే శ్రద్ధగా దిద్ది, దూరంగా ఉన్నవాటిని వదిలేస్తారు. ఆ కాస్త ఆలస్యంలో ఏమైనా కదిలిందేమో చూడటానికి బీమ్ వేసే ముందు ఇంకో స్కాన్ తీస్తారు.