సెంటర్ తప్పిన బోరింగ్

అనంతపురంలో మాది లేత్ షాపు, ఇనుప ముక్కల్ని తిప్పుతూ చెక్కే పని. బోరు మోటార్ల షాఫ్టులు, అవి తిరిగే తొడుగులు, అంటే బుష్‌లే ఎక్కువగా వస్తాయి. అందుకేనేమో, 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి సిడ్నీకి బయల్దేరిన క్వాంటాస్ ఏ380 విమానం సంగతి చదువుతుంటే ఇంజన్‌లోని ఆ చిన్న ఆయిల్ పైపు దగ్గరే ఆగిపోయాను. లోపల బోరింగ్ చేసేటప్పుడు, అంటే రంధ్రాన్ని తొలిచి పెద్దది చేసేటప్పుడు, సెంటర్ తప్పింది. ఒక పక్క గోడ పల్చబడింది. అక్కడే పగులు, ఆయిల్ లీకు, మంట. చివరికి టర్బైన్ డిస్కు పగిలి ముక్కలు రెక్కను చీల్చుకుంటూ పోయాయి. విమానంలో 469 మంది! ఒక్కరికీ దెబ్బ తగల్లేదు, పైలట్ల చలవ. దిగాక కూడా ఇంకో ఇంజన్ ఆగలేదు, ఫైర్ వాళ్లు గంటల తరబడి నీళ్లు, నురగ కొట్టారు.

మా షాపు కుర్రాడు బుష్ తీసి "సరిపోతాది లేన్నా" అంటే, సెంటర్ తప్పిందో లేదో కొలిచే డయల్ పెట్టి తిప్పి చూపించమంటున్నా. డయల్ ముల్లు కదిలితే జాబ్, అంటే ఆ ముక్కను, లేత్‌కి మళ్లీ కట్టాల్సిందే. విసుక్కుంటాడు. విసుక్కోనీ.