బ్రేక్ తొక్కడానికో మనిషి కావాలి

మియాటా, అంటే మాజ్డా వాళ్ల రెండు సీట్ల టాపు తెరిచే చిన్న కారు, కొన్నవాడికి స్నేహితులు బ్రేక్ ఆయిల్ మార్చేటప్పుడు దొరుకుతారు. ఆ పని ఒక్కడితో సరిగ్గా అవదు. ఒకడు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకడు చక్రం దగ్గర పడుకుని నిపుల్ (పాత ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) విప్పాలి. టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్ దాటాక క్రెసన్ అనే చిన్న ఊళ్లో మోటార్‌స్పోర్ట్ రాంచ్ ఉంది. అక్కడి 1.7 మైళ్ల ట్రాక్ మీద మొదటిసారి నడపడానికి నా 1994 కారుని ముగ్గురం కలిసి సిద్ధం చేశాం. ఏం చేశామో, ఎక్కడ బెడిసికొట్టిందో రాస్తున్నాను.

ముందు ప్యాడ్ల సంగతి, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ని పట్టి ఆపే పలకలు. 1990 నుంచి 93 దాకా అమెరికాలో అమ్మిన మియాటాల్లో 1.6 లీటర్ల ఇంజిన్, ముందు డిస్క్ 235 మి.మీ. 94 నుంచి 1.8 ఇంజిన్, డిస్క్ 255 మి.మీ. ఒకదాని ప్యాడ్లు ఇంకోదానికి పట్టవు. నాకొచ్చిన పెట్టె మీద సంవత్సరం కరెక్టే, లోపల ఉన్నవి మాత్రం 1.6వి. పాతదాని వీపుకి కొత్తది ఆనించి చూసినప్పుడు బయటపడింది. ఈ పని కాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీదకి నొక్కే బిగింపు) విప్పకముందే చెయ్యాలి, నేను విప్పాక చేశాను. వాహనం స్టాండ్ల మీద, టైము సాయంత్రం ఐదు. మా గుంపులో అందరికన్నా పెద్దాయన, విజయవాడ అన్న, "షెల్ఫులో ఓ సెట్టు ఉండాలి, ఆగరా" అని వెళ్లి తెచ్చాడు.

వెనక కాలిపర్ దగ్గర కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది: పిస్టన్‌ని క్లాంపుతో లోపలికి నొక్కడం. ముందు చక్రాలకి అది సరే. వెనక పిస్టన్‌లో హ్యాండ్ బ్రేక్ మెకానిజం ఉంటుంది, బలవంతంగా నొక్కితే పాడవుతుంది. కాలిపర్ వెనకవైపు 14 పానా పట్టే బోల్టు మూత ఉంటుంది. అది తీస్తే లోపల 4 మి.మీ. ఎల్లెన్ కీ దూరే స్క్రూ కనిపిస్తుంది. ఎడమవైపు తిప్పితే పిస్టన్ వెనక్కి పోతుంది. కొత్త ప్యాడ్లు వేసి కాలిపర్ బిగించాక, కుడివైపు తిప్పుతూ ప్యాడ్లు డిస్క్‌ని తాకేదాకా తెచ్చి, అక్కణ్ణించి మూడోవంతు చుట్టు వెనక్కి తిప్పాలి. ఆ మూడోవంతు వదలకపోతే ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది, చక్రం కాలిపోతుంది. చాలా ఎక్కువ వదిలితే హ్యాండ్ బ్రేక్ లీవర్ ఆకాశానికి లేస్తుంది.

ఇప్పుడు ఆయిల్. డాట్ అంటే డబ్బా మీద ఉండే బ్రేక్ ఆయిల్ రకం. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, డాట్ 4 అయితే 230. కానీ రెండూ గాల్లో తేమ పీల్చుకుంటాయి. తడిసిన డాట్ 4కి ఆ కనీసం 155కి పడిపోతుంది. ట్రాక్ మీద మరిగిందంటే పైపులో ఆవిరి చేరి పెడల్ నేలకి పోతుంది. అందుకే నిర్వాహకులు ఆయిల్ ఎప్పుడు మార్చావని అడుగుతారు. అర లీటరు డబ్బాలు రెండు కొంటే మిగులుతుంది. డాట్ 5 మాత్రం కొనకండి, అది సిలికాన్, వీటితో కలవదు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పొయ్యండి, తుడుస్తూ కూర్చోవద్దు.

మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే భాగం) అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలు: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. నిపుల్‌కి సన్న ట్రాన్స్‌పరెంట్ పైపు తగిలించి, రెండో కొన సీసాలో కొంచెం ఆయిల్‌లో ముంచి పెట్టాం. పెడల్ కింద చెక్కముక్క ఒకటి. లేకపోతే పెడల్ ఎప్పుడూ వెళ్లనంత లోతుకి వెళ్లి, పాత మాస్టర్ సిలిండర్ సీళ్లు గరుకు చోట రాసుకుని చిరుగుతాయి.

"తొక్కు."
"తొక్కా."
"విప్పుతున్నా... పట్టుకునే ఉండు."
"కిందకి పోయింది."
"బిగించా. వదులు."

ఈ వరస తప్పితే పనంతా మళ్లీ మొదటికి. నిపుల్ బిగించకముందే పెడల్ వదిలితే గాలి లోపలికి లాగేస్తుంది. సీట్లో ఉన్న మా మామ ఫోన్ చూస్తూ ఒకసారి అలాగే వదిలాడు, బుడగలు మొదలయ్యాయి. అప్పట్నించి సీట్లో కూర్చునేవాడి ఫోన్ టూల్ బాక్సులో ఉంటోంది. అయిదారు తొక్కుళ్లకోసారి రిజర్వాయర్ (ఆయిల్ పోసే డబ్బా) చూడాలి, మిన్ గీత దిగితే అక్కణ్ణించి గాలి పోతుంది.

చక్రాల నట్ల బిగింపుకి కంపెనీ చెప్పింది 65–87 ఫుట్ పౌండ్లు, మేం 80కి పెట్టాం. అదే రాత్రి ఖాళీ రోడ్డు మీద 60 మైళ్ల నుంచి 10కి, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది సార్లు బ్రేక్ వేసి ప్యాడ్లు కుదిర్చాం. తర్వాత బ్రేక్ తగలకుండా చల్లారేదాకా తిప్పాలి.

ట్రాక్ దగ్గర తనిఖీలో చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి బేరింగ్ చూశారు. డిక్కీలో బ్యాటరీ కదులుతోందా, హెల్మెట్ స్నెల్ ఎస్‌ఏ (కార్ రేసుల హెల్మెట్ల ప్రమాణం) రకమేనా అనీ చూశారు. టాపు లేని కారు కాబట్టి చీపురు కర్ర పరీక్ష ఉంటుంది: రోల్ బార్ (కారు బోల్తాపడితే తల కాపాడే, సీట్ల వెనక ఇనప కమాను) మీంచి ముందు అద్దం ఫ్రేము మీదకి కర్ర పెడితే, హెల్మెట్ దానికి రెండంగుళాలు కిందుండాలని అక్కడి లెక్క. ఆరడుగుల వాళ్లు సీటులో స్పంజి కోసుకునేది ఇందుకే. బ్రెడ్డు కోసే చాకు బాగా పనిచేస్తుంది.

నడిపేటప్పుడు వెనక కారుని దాటమని చేత్తో చెప్పాలి. ఏ పక్కనుంచి వెళ్లమంటామో ఆ పక్కకి, ఒక్కో కారుకి ఒక్కోసారి. వెనక ముగ్గురుంటే మూడుసార్లు. సెషన్ అయ్యాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, ప్యాడ్ ఎర్రగా కాలిన డిస్క్‌కి అతుక్కుంటుంది. గేర్‌లో వదిలి చక్రం కింద చెక్క పెట్టాలి.

రెండో సెషన్ నుంచి వస్తుంటే నా క్లచ్ పెడల్ పోయింది. గేర్‌బాక్సుకి కుడివైపు ఉండే స్లేవ్ సిలిండర్ (పెడల్ నుంచి వచ్చే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని కదిపే భాగం) రబ్బరు బూటు మడిచి చూస్తే లోపల తడి. ఈ వయసు కార్లలో ఇది తెలిసిన జబ్బే, బయల్దేరేముందే చూడాల్సింది. పక్క స్టాల్‌లో ఎర్ర మియాటా ఆయన, అప్పటిదాకా పేరు కూడా తెలీదు, తన డిక్కీలోంచి కొత్త స్లేవ్ తీశాడు. రెండు బోల్టులు, ఒక పైపు నట్టు. పైపు నట్టుకి ఫ్లేర్ నట్ పానాయే వాడాలి, మామూలుది అంచులు తినేస్తుంది. అరగంటలో బిగించాం. గాలి తియ్యడానికి మళ్లీ ఇద్దరు కావాలిగా, ఆయన కింద దూరాడు, నేను తొక్కాను.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఇక్కడ లెక్క వేరే: అరువు తీసుకున్న పార్టుకి కొత్త పార్టే తిరిగివ్వాలి. ఆ రాత్రే రెండు ఆర్డర్ పెట్టాను. ఒకటి ఆయనకి పంపాను, రెండోది నా డిక్కీలో బ్యాటరీ పక్కన, కవరు విప్పకుండా ఉంది.