కొత్త థీము ఎక్కేలోపు ఏది మార్చొచ్చు, ఏది ఆపాలి

ఆన్‌లైన్ షాపు రీడిజైన్ మొదలైందో లేదో ఓనర్లు అడిగే ప్రశ్న ఇది: "ప్రొడక్టు వివరణలు ఇప్పుడే తిరగరాయించాలా, కొత్త సైటు ఎక్కాక చూసుకుందామా?" అన్నీ ఇప్పుడే అన్నా తప్పే, అన్నీ తర్వాత అన్నా తప్పే. ఆ మ్యాటర్ ఎక్కడ నిల్వ ఉంటుందో చూసుకుంటే ఎప్పుడు మార్చాలో తేలిపోతుంది.

షాపిఫై (ఆన్‌లైన్ షాపు నడుపుకునే సర్వీసు) మీద నడిచే చేనేత చీరల షాపు ఒకటి అనుకుందాం. మంగళగిరి, గద్వాల, ఉప్పాడ అన్నీ కలిపి 400 చీరలు. వాటి పేర్లు, వివరణలు, ధరలు, ఫొటోలు, కలెక్షన్లు, మెనూలు, పాలసీ పేజీలు అన్నీ స్టోరువి. థీము అంటే సైటుకి తొడిగే రూపం, పాతదైనా కొత్తదైనా ఆ ఒక్క గోదాములోంచే తెచ్చి చూపిస్తుంది. ఇక్కడ ఏది మార్చినా ఆ నిమిషమే లైవ్‌లో కనబడుతుంది. హోమ్ పేజీ బ్యానరు, సెక్షన్లలో టైపు చేసిన మాటలు, పైన ఆఫరు పట్టీ, ఫుటరులో మన గురించి రాసుకున్న రెండు లైన్లు మాత్రం థీమువి. కొత్త థీము తయారవుతుండగా పాతదాంట్లో శ్రావణమాసం బ్యానరు పెట్టారనుకోండి, అది కొత్తదాంట్లోకి రాదు. లాంచ్ రోజు పొద్దున ఆఫరు మాయమైందని ఫోన్లు వచ్చేది ఇందుకే.

అసలు ఇబ్బంది వివరణలతో. కొత్త డిజైన్లలో వివరణ రెండు మూడు వాక్యాలే. పొడవు, బ్లౌజు, జరీ, ఉతికే పద్ధతి కింద పట్టికలో వస్తాయి. ఆ పట్టిక మెటాఫీల్డ్స్ నుంచి, అంటే ప్రొడక్టుకి అదనంగా మనం పెట్టుకునే గళ్ల నుంచి నిండుతుంది. పాత వివరణలో ఉన్న కొలతలన్నీ ముందే కత్తిరించేస్తే లాంచ్ అయ్యేదాకా లైవ్ సైటులో చీర పొడవెంతో ఎవరికీ తెలియదు. కాబట్టి ముందు గళ్లు నింపాలి. పాత థీము వాటిని చూపించదు కాబట్టి ఎన్ని వారాల ముందు నింపినా నష్టం లేదు. తర్వాత డ్రాఫ్ట్ థీము (ఇంకా లైవ్ కాని కొత్త థీము) ప్రివ్యూలో పట్టిక చూసుకోవాలి. వివరణలు కత్తిరించడం కొత్త థీము పబ్లిష్ అయ్యాకే. మధ్యలో ఒకటి రెండు రోజులు కొలతలు రెండుచోట్లా కనబడతాయి, కనబడనివ్వండి. రెండుసార్లు చదివిన కస్టమరు చీర కొంటుంది, అసలు కనబడకపోతే వాట్సాప్‌లో అడుగుతుంది లేదా వెళ్లిపోతుంది.

గళ్లు నింపడానికి చీరకి 5 నిమిషాలు వేసుకున్నా 400 చీరలకి 2000 నిమిషాలు, అంటే 33 గంటల పైనే. ఒక మనిషికి వారం పని. లాంచ్‌కి కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టాలి. రాసేవాళ్లకి ముందే ఒక పద్ధతి చెప్పకపోతే ఒక చీరకి "5.5 మీ", ఇంకోదానికి "5.5 మీటర్లు", మరోదానికి "ఐదున్నర మీటర్లు" అని పడుతుంది. ఫిల్టరులో ఇవి మూడు వేర్వేరు పొడవులుగా వస్తాయి. పొడవు గడిని అంకెలకే పరిమితం చేయండి. జరీ గడిలో టైపు చేయనివ్వకండి, జాబితాలోంచి ఎంచుకునేట్టు పెట్టండి.

టెంప్లేటుదీ ఇలాంటి మెలికే. కొత్త థీములో పట్టు చీరలకి విడిగా ఒక టెంప్లేటు, అంటే పేజీ అమరిక, చేయించారనుకోండి. ప్రొడక్టు పేజీలో దాన్ని ఎంచుకుందామంటే అడ్మిన్‌లో కనబడదు, ఎందుకంటే ఆ జాబితా లైవ్ థీములోని టెంప్లేట్లనే చూపిస్తుంది. పాత థీములో డిఫాల్ట్ టెంప్లేటుని కాపీ చేసి, అక్షరం తేడా లేకుండా అదే పేరు పెట్టండి. కస్టమరుకి ఏ మార్పూ కనబడదు, మీరు ముందుగానే చీరలన్నిటికీ దాన్ని కేటాయించుకోవచ్చు. పబ్లిష్ నొక్కగానే కొత్త రూపం వస్తుంది.

సీఎస్‌వీతో (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) మూకుమ్మడిగా మార్చేవాళ్లకి రెండు గండాలు. మొదటిది పాత ఫైలు. పదిహేను రోజుల కింద ఎక్స్‌పోర్ట్ చేసి, తీరిగ్గా వివరణలు రాసి, తిరిగి ఎక్కిస్తే వివరణలతోపాటు అప్పటి ధరలు కూడా వెనక్కి వస్తాయి. హ్యాండిల్ (యూఆర్‌ఎల్ చివర ఉండే ప్రొడక్టు పేరు), టైటిల్, మారుస్తున్న కాలమ్ తప్ప మిగతావన్నీ తీసేసి ఎక్కించండి. కాలమ్ లేకపోతే పాత విలువ అలాగే ఉంటుంది. కాలమ్ ఉండి గడి ఖాళీగా ఉంటే పాత విలువ చెరిగిపోతుంది. రెండోది ఎక్సెల్. 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడుని అది 8.90123ఈ+12గా మార్చి కూర్చుంటుంది. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే ఫైలు పద్ధతి) సేవ్ చేయకపోతే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలవుతాయి. ముందు రెండు చీరలతో ప్రయత్నించి, తర్వాత మిగతా 398.

వూకామర్స్‌లో (వర్డ్‌ప్రెస్ సైటుని షాపుగా మార్చే ప్లగిన్) లెక్క తిరగబడుతుంది. అక్కడ స్టేజింగ్, అంటే మార్పులు పరీక్షించుకునే సైటు, డేటాబేసుతో సహా మొత్తం కాపీ. కాపీ తీసిన రోజు నుంచి లైవ్‌లో వచ్చిన ఆర్డర్లు, తగ్గిన స్టాకు స్టేజింగ్‌కి తెలియవు. "పుష్ టు లైవ్" నొక్కేటప్పుడు డేటాబేసు కూడా టిక్ చేస్తే ఆ రోజుల ఆర్డర్లు ఎగిరిపోతాయి. 2023లో వచ్చిన 8.2 వెర్షను నుంచి కొత్త షాపుల్లో ఆర్డర్లు విడి టేబుళ్లలో ఉంటున్నాయి, కాబట్టి వాటిని వదిలి మిగతాది తోసేయొచ్చని కొందరు ధైర్యం చేస్తారు. కానీ స్టాకు ఇంకా ప్రొడక్టుతోనే ఉంటుంది. ఒక్కటే పీసు ఉన్న గద్వాల చీర అమ్ముడైపోయాక కూడా మళ్లీ "1 ఉంది" అని లేస్తుంది, ఇంకొకరు డబ్బు కట్టేస్తారు. స్టేజింగ్ నుంచి ఫైళ్లు మాత్రమే పంపండి. ప్రొడక్టు మ్యాటరంతా లైవ్‌లోనే రాయండి. ఎలిమెంటర్ లాంటి బిల్డరుతో కట్టిన పేజీలు డేటాబేసులో ఉంటాయి కాబట్టి వాటిని టెంప్లేటుగా ఎక్స్‌పోర్ట్ చేసి లైవ్‌లో దింపుకోవాలి.

ఇక ఫ్రీజు, అంటే లాంచ్ ముందు మార్పులు ఆపేయడం. ఏజెన్సీలు రెండు వారాలు ఏదీ ముట్టుకోవద్దంటాయి. చిన్న షాపుకి అంత అక్కర్లేదు, మూడు పనిదినాలు చాలు. ఆపాల్సినవి: యూఆర్‌ఎల్ హ్యాండిళ్లు, కలెక్షన్ల పేర్లు, మెనూలు, థీములోని బ్యానర్లు. ఆపకూడనివి: స్టాకు, ధర. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారినట్టు ఏదైనా వచ్చిపడితే ఫ్రీజు అని కూర్చోలేం. గూగుల్ మర్చెంట్ సెంటరుకి (గూగుల్‌లో ప్రొడక్టులు చూపించడానికి వివరాలు ఇచ్చే చోటు) ఫీడు, అంటే ప్రొడక్టుల జాబితా, చేత్తో ఎక్కించేవాళ్లు సైటులో ధర మార్చిన రోజే అక్కడా మార్చాలి. రెండూ కలవకపోతే ఆ ప్రొడక్టుని తిరస్కరిస్తారు.

హ్యాండిళ్ల గురించి నా అభిప్రాయం ఒక్కటే: రీడిజైన్‌తోపాటు మార్చకండి. రీడిజైన్, కొత్త యూఆర్‌ఎల్‌లు, కొత్త టైటిళ్లు ఒకే వారంలో పెడితే ట్రాఫిక్ పడినప్పుడు దేనివల్లో ఎవరూ చెప్పలేరు. సెర్చ్ టైటిళ్లు లాంచ్ అయిన నాలుగు వారాల తర్వాత మార్చుకోవచ్చు. యూఆర్‌ఎల్ తప్పనిసరిగా మార్చాల్సి వస్తే 301 రీడైరెక్ట్ (పాత లింకు నొక్కినవాళ్లని కొత్త పేజీకి పంపే ఏర్పాటు) పెట్టి కనీసం ఏడాది ఉంచండి, గూగుల్ చెప్పేదీ అదే. షాపిఫైలో పాత పేజీ ఇంకా తెరుచుకుంటుంటే రీడైరెక్ట్ పనిచేయదని గుర్తుపెట్టుకోండి.

తేదీ సంగతి. ఐటీవాళ్లు మంగళవారం అంటారు, వారం మధ్యలో అయితే సరిదిద్దుకోవడానికి రోజులుంటాయని. మన ఓనర్లు మంగళవారం కొత్త పని మొదలుపెట్టరు. బుధవారం అంటే ఇద్దరూ ఒప్పుకుంటారు, 12 నుంచి 1:30 రాహుకాలం వదిలేస్తే సరి. మూఢంలో పెళ్లి కొనుగోళ్లు ఉండవు కాబట్టి సర్వర్ పనికి అంతకంటే మంచి ముహూర్తం లేదని నేనంటాను, ఒప్పించడం మీ వంతు. ఆషాఢం ఖాళీ అనుకోకండి, డిస్కౌంట్ అమ్మకాలన్నీ అప్పుడే. శ్రావణం, దసరా, సంక్రాంతి ముందు మూడు వారాలు లాంచ్ వద్దే వద్దు. అర్ధరాత్రి లాంచ్ కూడా ఆలోచించుకోవాలి: ఇక్కడ రాత్రి ఒంటిగంట అయితే వేసవిలో న్యూజెర్సీలో మధ్యాహ్నం మూడున్నర. అమెరికా ఆర్డర్లున్న షాపుకి అది రద్దీ వేళే కావచ్చు. మీ అనలిటిక్స్‌లో గంటలవారీ ఆర్డర్లు చూసి పెట్టుకోండి.

పబ్లిష్ నొక్కగానే ఫోనులో ఒక నిజమైన ఆర్డరు పెట్టి, డబ్బు కట్టి, రిఫండ్ చేసి చూడండి. అనలిటిక్స్‌లో ఆ కొనుగోలు రెండుసార్లు పడిందంటే కొనుగోళ్లు లెక్కపెట్టే కోడు, అంటే ట్యాగు, పాతదీ కొత్తదీ రెండూ నడుస్తున్నట్టు. వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ ఇంజిన్లు రావద్దనే టిక్ స్టేజింగ్ నుంచి వచ్చేసిందేమో చూడండి. ఎంఆర్‌పీ, తయారైన దేశం, తయారీదారు పేరు, గ్రీవెన్స్ ఆఫీసరు వివరాలు కొత్త డిజైన్‌లో ఎక్కడైనా కనబడుతున్నాయా అన్నదీ చూడాలి. ఇవి చట్టం అడిగేవి, డిజైనర్లు అందం కోసం ముందు తీసేసేవీ ఇవే. తర్వాత 48 గంటలు తప్పులు దిద్దడం తప్ప కొత్త మ్యాటర్ పెట్టకండి.

పాత థీముని లైబ్రరీలోనే ఉంచండి. షాపిఫైలో 20 థీములదాకా చోటుంటుంది. సైజు గైడూ, బల్క్ ఆర్డర్ల నంబరూ ఎక్కడికి పోయాయని రెండు నెలల తర్వాత ఎవరో అడుగుతారు, అవి పాత థీము సెక్షన్లలో తప్ప ఇంకెక్కడా ఉండవు.