అప్పుడప్పుడూ కూసే బోటు అలారం: మూడు స్విచ్‌లు, ఒకే వైరు

మా బోటు ఇంజన్ అలారం కొన్నాళ్ళుగా తిక్కతిక్కగా కూసేది. ఒకసారి చిన్న బీప్ అని ఆగిపోతుంది, ఇంకోసారి వరసగా కొన్ని బీప్‌లు కొట్టి మళ్ళీ గంటసేపు చప్పుడే ఉండదు, గేజీలు చూస్తే అన్నీ మామూలుగా ఉంటాయి, ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. మొత్తానికి దొరికింది. ఎలా దొరికిందో రాస్తే ఇంకెవరికైనా పనికొస్తుందేమో, ఎందుకంటే దీని గురించి ఎవర్ని అడిగినా ఇంపెల్లర్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళ పంపులోని రెక్కల చక్రం) మార్చు, సెండర్ (గేజీకి రీడింగ్ పంపే పార్ట్) మార్చు అంటారే గానీ అసలు ఏది కూయిస్తోందో ముందు తేల్చుకో అని ఎవరూ అనట్లేదు.

మాది పెట్రోల్ వీ8, స్టర్న్‌డ్రైవ్, అంటే ఇంజన్ బోటు లోపల వెనక భాగంలో ఉంటుంది, ప్రొపెల్లర్ ఉన్న డ్రైవ్ బయట వేలాడుతుంది. కార్బ్యురేటర్ కాలం నాటి ఇంజన్, కంప్యూటర్ ఏమీ లేదు. కొత్త ఇంజన్లు, అవుట్‌బోర్డ్‌లు అయితే కథ వేరు, వాటిల్లో కంప్యూటర్ ఫాల్ట్ కోడ్ దాచిపెట్టుకుంటుంది, ఆర్పీఎమ్ కూడా తనే తగ్గించేస్తుంది, స్కానర్ పెట్టి చదివితే సగం పని అయిపోతుంది. పాత వాటికి ఆ భాగ్యం లేదు, మనమే వెతుక్కోవాలి.

ముందు ఈ అలారం ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. డ్యాష్‌బోర్డు వెనకాల చిన్న హార్న్ ఉంటుంది. కీ ఆన్ చేయగానే దాని ఒక కాలికి 12 వోల్టులు వస్తాయి, రెండో కాలు నుంచి ఒక వైరు ఇంజన్ దాకా పోతుంది. అక్కడ ఆ వైరుకి మూడు స్విచ్‌లు తగిలించి ఉంటాయి: ఆయిల్ ప్రెజర్ స్విచ్, టెంపరేచర్ స్విచ్, డ్రైవ్‌లోకి వెళ్ళే గేర్ ఆయిల్ డబ్బాలో ఉండే ఫ్లోట్ స్విచ్. మూడింటిలో ఏది ఎర్త్‌కి, అంటే బ్యాటరీ మైనస్‌తో కలిసి ఉండే ఇంజన్ ఇనుముకి, కలిసినా హార్న్ మోగుతుంది. ఒకే కాలింగ్ బెల్‌కి మూడు గుమ్మాల్లో మూడు బటన్లు పెట్టినట్టు, బెల్ మోగిందని తెలుస్తుంది గానీ ఏ గుమ్మం దగ్గర ఎవరు నొక్కారో తెలీదు. కొన్ని ఇంజన్లలో గేర్ ఆయిల్‌కి ఆగి ఆగి బీప్, మిగతా రెండిటికీ ఆగకుండా కూత అని తేడా పెట్టారు, మాన్యువల్లో చూసుకోవాలి. మా దాంట్లో ఆ తేడా లేదు, పైగా వచ్చేదే అర సెకను కూత, దాన్ని బట్టి ఏం చెప్తాం.

ఇక్కడే చాలామంది తికమకపడే విషయం ఒకటి ఉంది. గేజీ ముల్లుని కదిలించేది సెండర్, అలారాన్ని మోగించేది స్విచ్, రెండూ వేర్వేరు పార్ట్‌లు, ఇంజన్ మీద వేర్వేరు చోట్ల ఉంటాయి. సెండర్ రెసిస్టెన్స్ మారుస్తూ ముల్లు తిప్పుతుంది, స్విచ్‌కి ఆన్, ఆఫ్ తప్ప ఇంకోటి తెలీదు. కాబట్టి గేజీ బాగానే ఉంది కదా, అలారం అబద్ధం చెప్తోంది అనుకోవడానికి లేదు, అలాగే అలారం మోగింది కాబట్టి గేజీ చెడిపోయింది అనడానికీ లేదు. ఏది నిజమో తెలియాలంటే మూడో సాక్ష్యం కావాలి. ఆయిల్‌కి అయితే సెండర్ విప్పి ఆ కన్నంలో మెకానికల్ గేజీ బిగించి చూడటం, వేడికి అయితే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ హౌసింగ్ మీద, రెండు వైపులా ఎగ్జాస్ట్ రైజర్ల (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాల) మీద గురిపెట్టి చూడటం. నేను రెండూ చేశా. ఆయిల్ ప్రెజర్ బంగారంలా ఉంది, థర్మోస్టాట్ 71 డిగ్రీల సెల్సియస్‌ది, హౌసింగ్ ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది, రైజర్లు రెండూ దాదాపు సమానం. అంటే ఇంజన్‌కి రోగం లేదు. ఇది తేలేదాకా మాత్రం బోటుని ఒడ్డు వదిలి దూరం తీసుకెళ్ళలేదు.

మా తమ్ముడికి ఇవన్నీ చాదస్తం. "అన్నయ్యా, ఆ హార్న్ వైరు పీకేస్తే పోలా?" అన్నాడు. పీకేస్తే రేపు నిజంగా వేడెక్కినప్పుడు మనకెవడు చెప్తాడ్రా అన్నా. వాడు నవ్వాడు గానీ నిజంగా అలా పీకేసిన బోట్లు బోలెడు ఉంటాయి, వాడిన బోటు కొనేవాళ్ళు ముందు కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా వినండి. ఇలాంటి పాత వైరింగ్‌లో ఇంజన్ ఆగి ఉంటే ఆయిల్ ప్రెజర్ ఉండదు కాబట్టి కీ తిప్పగానే హార్న్ కూయాలి, స్టార్ట్ అయ్యాక ఆగాలి. కూయలేదంటే ఎవరో దాని నోరు కట్టేశారన్నమాట, లేదా ఆ స్విచ్చో హార్నో చచ్చింది.

తర్వాత చేసింది, ఎప్పుడు కూస్తుందో రాసుకోవడం. పార్ట్‌ల మీద డబ్బు పెట్టే ముందు ఇదొక్కటి చేస్తే చాలావరకు దారి కనిపిస్తుంది. బాగా తిరిగి ఆయిల్ వేడెక్కి పల్చబడ్డాక, ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ ఇవ్వకుండా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ, ఉన్నప్పుడు మాత్రమే కూస్తే ఆయిల్ ప్రెజర్ మీద అనుమానపడాలి, స్విచ్ సాధారణంగా 5 పీఎస్ఐ (ప్రెజర్ కొలత) అటూ ఇటూగా కలుస్తుంది, ఐడిల్‌లో ప్రెజర్ దాని దగ్గరకి పడిందంటే అది అబద్ధపు కూత కాదు. గట్టిగా మలుపు తిప్పినప్పుడో, ముక్కు పైకి లేచినప్పుడో కూస్తే గేర్ ఆయిల్ డబ్బా, లెవెల్ అంచు మీద ఉంటే నూనె ఒక పక్కకి వాలి ఫ్లోట్ పడిపోతుంది. ఊరికే నింపేసి వదిలేయకండి, ఆ నూనె ఎక్కడికి పోతోందో చూడాలి, పాలరంగులోకి మారితే నీళ్ళు కలిసినట్టు. స్పీడ్‌లో కాసేపు పోయాక గేజీ మెల్లగా ఎక్కుతూ కూస్తే నీటి దారి: ఇంపెల్లర్ రెక్కలు విరిగి ఉండొచ్చు, నాచో ప్లాస్టిక్ కవరో ఇన్‌టేక్‌కి అంటుకుని ఉండొచ్చు, పాత హోసు లోపలి పొర విడిపోయి స్పీడ్‌లో మూసుకుపోతుండొచ్చు. ఇంపెల్లర్ విరిగి ఉంటే విరిగిన ముక్కలన్నీ దొరికేదాకా వెతకాలి, అవి ముందుకెళ్ళి ఇంకోచోట అడ్డం పడతాయి. ఫుల్ స్పీడ్ నుంచి ఒక్కసారిగా ఐడిల్‌కి తెస్తే కాసేపు వేడి పెరగడం మాత్రం మామూలే, పంపు నెమ్మదిస్తుంది గానీ ఇనుములో ఉన్న వేడి ఎక్కడికి పోతుంది.

మా బోటు వీటిలో దేనికీ లొంగలేదు. ఐడిల్‌లో ఎప్పుడూ కూయలేదు, మలుపుల్లో ప్రత్యేకంగా కూయలేదు, 3000 ఆర్పీఎమ్ దగ్గర చిన్నచిన్న అలలు కొడుతుంటే కూసేది, అద్దంలా ఉన్న నీళ్ళలో అదే స్పీడ్‌కి కూసేది కాదు. అప్పటికే వైరింగ్ అనిపించింది గానీ అనిపించడం వేరు, తేలడం వేరు.

తేల్చడానికి స్విచ్‌లని ఒకటొకటిగా ఊడదీసి చూడమంటారు. అలా చేస్తే ఆ సమయంలో ఆ ఒక్కదానికి కాపలా ఉండదు, నాకు అది నచ్చలేదు. అందుకని ఇంకో పని చేశా. 12 వోల్టుల చిన్న ఎల్ఈడీ ఇండికేటర్లు, రెసిస్టర్ లోపలే ఉండేవి, తీసుకుని, స్విచ్‌ని అలారం వైరు నుంచి విడదీసి దానికి సొంతంగా ఒక లైటు ఇచ్చా. లైటు ప్లస్ కాలికి కరెంటు ఇగ్నిషన్ నుంచి చిన్న ఫ్యూజు ద్వారా, మైనస్ కాలు పొడవాటి వైరుతో స్విచ్‌కి. ఇప్పుడు ఆ స్విచ్ కలిస్తే లైటు వెలుగుతుంది, మిగతా రెండిటిలో ఏది కలిసినా హార్న్ కూస్తుంది. హార్న్ కూసి లైటు వెలగలేదంటే ఆ స్విచ్ నిర్దోషి. కూత మానేసి లైటు మినుకుమందంటే దొంగ అదే. పెట్రోల్ ఇంజన్ కాబట్టి పని చేసేటప్పుడు బ్యాటరీ ఆఫ్, స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ (ఇంజన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) కనీసం 4 నిమిషాలు, పెట్రోల్ ఆవిరి ఉన్న చోట నిప్పురవ్వతో ఆటలొద్దు.

మొదట ఆయిల్ స్విచ్‌కి లైటు పెట్టా. కీ ఆన్, హార్న్ బదులు లైటు వెలిగింది, ఇంజన్ స్టార్ట్ అవగానే ఆరింది, అంటే స్విచ్ బాగానే ఉంది. తమ్ముడు నడుపుతుంటే నేను లైటు మీద కళ్ళు పెట్టుకుని కూర్చున్నా. అలల్లోకి వెళ్ళగానే బీప్, లైటు చీకటి. సరే, ఆయిల్ కాదు. టెంపరేచర్ స్విచ్‌కీ లైటు పెట్టాం, మళ్ళీ అదే తంతు. ఇక మిగిలింది గేర్ ఆయిల్ డబ్బా, దాని మూత కనెక్టర్ మీద పచ్చగా తుప్పు కూడా ఉంది, ఇదే అయ్యుంటుంది అని దాదాపు సంబరపడిపోయా. దానికీ లైటు పెట్టాం. ఇప్పుడు మూడు స్విచ్‌లకీ మూడు లైట్లు, అలారం వైరుకి ఇంజన్ దగ్గర అసలేమీ తగిలించి లేదు.

అలల్లోకి వెళ్ళాం. బీప్. మూడు లైట్లూ ఆరిపోయే ఉన్నాయి.

ఏమీ తగిలించని వైరు కూస్తోందంటే దారి మధ్యలో ఎక్కడో అదే ఎర్త్‌ని తాకుతోంది, ఇంకో సందేహం లేదు. ఒడ్డుకొచ్చి బ్యాటరీ ఆఫ్ చేసి, హార్న్ దగ్గర వైరు ఊడదీసి, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి ఒక ముల్లు వైరుకి, ఒకటి ఇంజన్ బ్లాక్‌కి ఇచ్చా. మామూలుగా చప్పుడు ఉండకూడదు, లేదు కూడా. అప్పుడు తమ్ముడు డ్యాష్‌బోర్డు నుంచి మొదలుపెట్టి వైర్ల కట్టని జానెడు జానెడు చొప్పున పిసుకుతూ, ఊపుతూ వెనక్కి వచ్చాడు. ఇంజన్ వెనకాల, చెయ్యి తప్ప కన్ను దూరని చోట, మీటర్ కీచుమంది.

అక్కడ కట్టని పట్టి ఉంచే ఇనప క్లాంపు ఉంది. దాని రబ్బరు తొడుగు ఎప్పుడో ఎండి రాలిపోయింది. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, కట్ట అవతలి కొస బోటు గోడకి బిగించి ఉంటుంది, మధ్యలో ఈ అంచు కత్తిలా పనిచేస్తూ వైరు మీద ప్లాస్టిక్‌ని అరగదీసేసింది. రాగి సూదిమొనంత బయటపడింది, అంతే. ఐడిల్‌లో తాకదు, నున్నటి నీళ్ళలో తాకదు, ఒక స్థాయి అదురుకి అల దెబ్బ తోడైనప్పుడే తాకుతుంది.

రిపేరు పెద్ద విషయం కాదు. నల్లబడ్డ ముక్క కోసేసి, తగరం పూత ఉన్న మెరైన్ వైరు ముక్క వేసి, లోపల జిగురు ఉండే హీట్‌ష్రింక్ క్రింప్ కనెక్టర్లతో (నొక్కి బిగించి, వేడి చేస్తే ముడుచుకుని వైరుని పట్టేసేవి) కలిపా. మెలిపెట్టి టేపు చుట్టడం బోటులో పనికిరాదు, తేమ లోపలికి పాకి వైరు పొడుగునా రాగిని తినేస్తుంది. ఒట్టి సోల్డర్ మీద ఆధారపడినా అదురుకి సోల్డర్ ఆగిన చోట పుటుక్కుమంటుంది. కొత్తగా రబ్బరు తొడుగున్న క్లాంపు వేశా, స్విచ్‌లు మూడూ మళ్ళీ అలారం వైరుకి తగిలించా, గేర్ ఆయిల్ కనెక్టర్ కూడా శుభ్రం చేశా. అదే అలల్లో అదే స్పీడ్‌లో తిప్పితే హార్న్ కిక్కురుమనలేదు, కీ ఆన్ చేసినప్పుడు మాత్రం పద్ధతిగా కూస్తోంది.

ఒక క్లాంపు రబ్బరు పోయిందంటే మిగతావి మాత్రం బాగుంటాయా అని అద్దం, టార్చ్ పట్టుకుని అన్నీ చూశా. స్టార్టర్‌కి వెళ్ళే లావు పాజిటివ్ కేబుల్ దగ్గర ఇంకోటి ఇలాగే ఉంది, ప్లాస్టిక్ మీద గాడి పడింది గానీ రాగి దాకా రాలేదు. చాలా బోట్లలో లాగే మా దాంట్లోనూ ఆ కేబుల్‌కి ఫ్యూజు లేదు, అది గనక బ్లాక్‌ని తాకితే బీప్‌లు కాదు, నేరుగా మంటలే. కేబుల్ మార్చేశా, ఇంజన్ చుట్టూ ఉన్న క్లాంపులన్నీ కూడా.